రీఫ్ ట్యాంక్‌లో ఫ్లాట్‌వర్మ్‌లు: మందు సీసా మూత తీసేముందు చేయాల్సిన పనులు

లైట్లు వెలిగిన గంటకి ఇసుక మీద ఓ మూల ఇటుకపొడి చల్లినట్టు మచ్చ కనిపిస్తుంది. ఏదో నాచులే అని వదిలేస్తారు. పది రోజులకి ఆ మచ్చ అరచెయ్యంత అవుతుంది. గాజుకి మొహం ఆనించి చూస్తే ఆ ఇటుకపొడిలో ఒక్కో రవ్వా తనంతట తాను జారుతూ ఉంటుంది. పగడాలుండే ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ పెంచేవాళ్లలో చాలామందికి ఫ్లాట్‌వర్మ్ అనే చదును పురుగుతో మొదటి పరిచయం ఇలాగే జరుగుతుంది. నాకూ అలాగే జరిగింది.

నేనుండేది టెక్సస్‌లో. నాలుగడుగుల ట్యాంక్. ఒక షాపులో కొన్న గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే పగడం ముక్కతోపాటు ఈ పురుగు మా ఇంటికొచ్చింది. మూడు నెలలు పట్టించుకోలేదు. ఆ తర్వాత టెన్షన్ పట్టుకుంది. ఒక శనివారం సాయంత్రం మందు తెచ్చి, సీసా మీద రాసినంతే కొలిచి పోశాను. మందు బ్రహ్మాండంగా పనిచేసింది, అదే కొంప ముంచింది. ఇరవై నిమిషాల్లో వేల పురుగులు ఒక్కసారిగా చచ్చాయి, నీళ్లు పలచటి టీ రంగుకి తిరిగాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. తెల్లారేసరికి క్లౌన్ చేపల జంటలో ఒకటి పోయింది. ఎర్ర ఫ్లాట్‌వర్మ్ ఒంట్లో విషం ఉంటుంది. బతికున్నంతసేపూ అది లోపలే ఉంటుంది. చచ్చినప్పుడో నలిగినప్పుడో నీళ్లలోకి కారుతుంది. పది చస్తే ట్యాంక్‌కి లెక్క కాదు, పదివేలు చస్తే చేపలు ఊపిరాడక కొట్టుకుంటాయి.

అందుకే ఇక్కడ చెప్పే వరసలో మందు బాగా వెనక వస్తుంది. ముందు అది ఏ పురుగో తేల్చుకోవాలి. తర్వాత చేత్తో దాని సంఖ్య తగ్గించాలి. మందు ఆ తర్వాత, అదీ అవసరమైతేనే.

మొదలుపెట్టే ముందు ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. రీఫ్ కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్‌లు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. షాపువాడు ఎంత ధీమాగా చెప్పినా వాటి జోలికి పోవద్దు. కింద అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే రాతి పగడం) గురించి రాసిందంతా వాటిని చట్టప్రకారం పెంచుకోగల దేశాల్లో ఉన్నవాళ్ల కోసం. ఎర్ర ఫ్లాట్‌వర్మ్ సంగతి మాత్రం ఉప్పునీటి ట్యాంక్ ఉన్న ఎవరికైనా పనికొస్తుంది.

ముందు అది ఏ పురుగో తేల్చుకోండి

ఒక తెల్ల పింగాణీ గిన్నెలో ట్యాంక్ నీళ్లు పొయ్యండి. టర్కీ బాస్టర్‌తో అనుమానం ఉన్నచోట పీల్చి ఆ గిన్నెలో వదలండి. బాస్టర్ అంటే వంటింట్లో వాడే రబ్బరు బుడ్డి ఉన్న పొడుగాటి పిచికారీ. ట్యాంక్ పనికి వేరేది కొనుక్కోండి, వంటింటిది తీసుకెళ్తే ఇంట్లో యుద్ధమే. తెల్ల అడుగు మీద పురుగు స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. భూతద్దం ఉంటే మరీ మంచిది.

తుప్పు రంగు లేదా ఎర్రమట్టి రంగు, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల పొడవు, తోక చివర రెండు నొక్కులు పడి మూడు మొనలుగా చీలినట్టు ఉంటే అది ఎర్ర ప్లానేరియా, పైన ఎర్ర ఫ్లాట్‌వర్మ్ అన్నది ఇదే. శాస్త్రం పేరు కన్వల్యూట్రిలోబా రెట్రోజెమ్మా. ఆ పేరులోనే దాని గుట్టుంది. రెట్రోజెమ్మా అంటే వెనక్కి తిరిగిన మొగ్గ. తల్లి తోక దగ్గర పిల్ల మొగ్గలా పుట్టుకొస్తుంది. పిల్ల తల ఒకవైపు, తల్లి తల ఇంకోవైపు. రెండూ ఎదురెదురు దిక్కులకి లాక్కుని విడిపోతాయి. జత అక్కర్లేదు, గుడ్లు పెట్టి పొదగాల్సిన పనీ లేదు. ఒక్కటి మిగిలినా మళ్లీ మొదలే.

దీని ఒంట్లో నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురు ఉంటే ఆ నాచు తయారుచేసే తిండి పురుగుకీ అందుతుంది. అందుకే లైటు బాగా పడి నీటి ఒరవడి తక్కువున్న చోట ఇవి గుంపు కడతాయి. ఇది పగడాన్ని తినదు. అయినా దాని మీద పరుచుకుంటే పగడానికి వెలుతురు అందదు. అది ముడుచుకుపోయి నెమ్మదిగా నీరసిస్తుంది. చిన్న చిన్న కోపీపాడ్‌లని, అంటే నలుసంత రొయ్యజాతి జీవుల్ని, మాత్రం పట్టి తింటుంది.

ఒక చిన్న పిడకల వేట. అక్వేరియం వాళ్లందరం దీన్ని ఫ్లాట్‌వర్మ్ అంటాం కానీ, జన్యువులు చూసిన శాస్త్రజ్ఞులు దీని కులాన్ని అసలు ఫ్లాట్‌వర్మ్‌ల కుటుంబం నుంచి బయటికి తీసేశారు. ఇది ఏసీల్ అనే వేరే గుంపుకి చెందింది. అక్రోపోరాని తినేది అసలైన ఫ్లాట్‌వర్మ్. ఈ తేడా మనకెందుకంటే, ఒకదాన్ని చంపే మోతాదు రెండోదానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పేరు ఒకటే కదా అని మందు ఒకటే వాడితే డబ్బులు దండగ.

ఇక మిగతావి. గుండ్రంగానో హృదయం ఆకారంలోనో ఉండి, గోధుమ రంగులో, పగడం ఒంటి మీదే నాణేలు అతికించినట్టు కనిపిస్తే అది వామినోవా. మష్రూమ్ కోరల్స్, యూఫిలియా అనే పగడాల మీద ఎక్కువ. ఇదీ ఏసీలే. పగడం జిగురు తింటుంది, వెలుతురుకి అడ్డం పడుతుంది. గాజు మీద తెల్లగా, దాదాపు పారదర్శకంగా పాకే చిన్నచిన్నవి కనిపిస్తే వాటి గురించి నిద్ర మానుకోవద్దు. చాలావరకు కోపీపాడ్‌లు తిని బతికేవి. తిండి తగ్గిస్తే వాటి సంఖ్యా తగ్గుతుంది. అంగుళం దాటి, అంచులు చీర కుచ్చిళ్లలా అలలు అలలుగా ఉండి, రాత్రిపూట టార్చి వేస్తే రాతి కింద నుంచి జారిపోయే ఆకులాంటిది కనిపించిందంటే అది పాలీక్లాడ్. ట్యాంక్‌లో నత్తలు ఒక్కొక్కటే ఖాళీ గుల్లలుగా మిగులుతున్నా, క్లామ్ (ఆల్చిప్ప) మూత సరిగ్గా మూసుకోకపోయినా ముందు దీన్ని అనుమానించండి. దీనికి మందుల దాకా పోనక్కర్లేదు. రాత్రి టార్చి పట్టుకుని పొంచి ఉండి గొట్టంతో లాగెయ్యడమే.

పురుగు కానివాటిని పురుగనుకోవడమూ మామూలే. ఎర్రటి సయానో (ఒకరకం బాక్టీరియా) పొర దూరం నుంచి అచ్చం ప్లానేరియా మచ్చలాగే ఉంటుంది. బాస్టర్‌తో నీళ్లు ఊదితే తెలిసిపోతుంది. సయానో పాలమీద మీగడలా రేకులు రేకులుగా లేస్తుంది, పురుగులు విడివిడిగా ఎగిరి సుడి తిరిగి మళ్లీ అతుక్కుంటాయి. ఒళ్లంతా గంట్లు గంట్లుగా ఉండి పక్కల వెంట్రుకలున్నది బ్రిసిల్ వర్మ్. అది పారిశుద్ధ్య కార్మికుడు, దాన్ని ఏమీ చెయ్యకండి.

చేత్తో తగ్గించడం

ఎర్ర ప్లానేరియా అని తేలిందనుకుందాం. మన పాఠకుల్లో నూటికి తొంభైమందికి తగిలేది ఇదే అని నా నమ్మకం. ఇప్పుడు చేసే పని మురికిది, ఓపిక కావాలి, చివరికి ట్యాంక్‌ని కాపాడేది మాత్రం ఇదే.

కావలసినవి: గాలి పంపుకి వాడే సన్న గొట్టం రెండు మీటర్లు, దాని కొసకి కట్టడానికి ఒక గట్టి ప్లాస్టిక్ పుల్ల, ఒక బకెట్, తీసిన నీళ్లకి బదులు పొయ్యడానికి ముందే కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లు. గొట్టం లావుగా ఉంటే ఐదు నిమిషాల్లో బకెట్ నిండిపోతుంది, పురుగులు పట్టుమని పాతిక కూడా రావు. సన్న గొట్టమైతే నీళ్లు నెమ్మదిగా పోతాయి, మీకు టైమ్ దొరుకుతుంది.

లైట్లు వెలిగిన గంట రెండు గంటల తర్వాత మొదలుపెట్టండి. అప్పటికి పురుగులు వెలుతురు కోసం బయటికొచ్చి గుంపులు కట్టి ఉంటాయి. పవర్‌హెడ్‌లు, అంటే ట్యాంక్ లోపల నీళ్లు తిప్పే పంపులు, ఆపండి. గొట్టం మూతిని పురుగుకి అరంగుళం దూరంలో పెట్టి లాగండి. రుద్దొద్దు, గోకొద్దు. రుద్దితే నలుగుతుంది, నలిగితే విషం కారుతుంది. గట్టిగా పట్టుకున్నవాటిని ముందు బాస్టర్‌తో కొద్దిగా ఊది లేపి, నీళ్లలో తేలుతుండగానే లాగెయ్యండి. ఇసుక మీద ఉన్నవాటితో కొంచెం ఇసుకా వస్తుంది, రానివ్వండి.

బకెట్ నీళ్లని సన్నటి ఫిల్టర్ సాక్‌లో వడగట్టి తిరిగి ట్యాంక్‌లో పొయ్యమనేవాళ్లు ఉన్నారు. నేను పొయ్యను. సాక్‌లో నలిగిన పురుగుల రసం ఆ నీళ్లలోనే ఉంటుంది. నాలుగు వందల లీటర్ల ట్యాంక్‌కి ఒక్కో విడతకి ఇరవై, ముప్ఫై లీటర్లు పారబోసి కొత్త ఉప్పునీళ్లు పోస్తే, వారం వారం చేసే నీటి మార్పిడి కూడా ఇందులోనే తీరిపోతుంది. ఆ మురుగునీళ్లు సింక్‌లోనే పొయ్యండి. కాలవల్లో, చెరువుల్లో వద్దు.

ఇలా రోజు మార్చి రోజు రెండు వారాలు. మొదటి మూడు విడతల్లో ఏమీ తగ్గినట్టు అనిపించదు, విసుగొస్తుంది. నాలుగో విడత నుంచి గుంపులు పలచబడతాయి. లెక్క పెట్టుకోవడానికి ఒక చిట్కా: గాజు మీద ఒకచోట జానెడు చదరం గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అదే గంటకి అందులో కనిపించేవి లెక్కపెట్టి కాగితం మీద రాయండి. కంటి అంచనా మోసం చేస్తుంది. కాగితం మీద 60, 52, 31, 12 అని అంకెలు దిగుతుంటే మీరు దారిలో ఉన్నట్టు.

ఈ రెండు వారాల్లోనే ఇంకో రెండు పనులు చెయ్యండి. పవర్‌హెడ్‌ల దిశ మార్చి నీళ్లు నిలవున్న మూలలకి ఒరవడి తగిలేలా పెట్టండి. చేపలకి వేసే మేత సగానికి తగ్గించండి, మిగిలి అడుగుకి చేరే తిండి వీటికి పరోక్షంగా అందుతుంది. ట్యాంక్‌కి దుప్పటి కప్పి మూడు రోజులు చీకటి చేస్తే చస్తాయని కొందరంటారు. చీకటికి పురుగు ముందు చస్తుందో పగడం ముందు చస్తుందో పందెం కాసే ధైర్యం నాకు లేదు.

ఫిల్టర్ సామాను ఉండే కింది తొట్టి సంప్‌నీ, నీళ్లు పొర్లి కిందికి దిగే ఓవర్‌ఫ్లో పెట్టెనీ మర్చిపోవద్దు. మెయిన్ ట్యాంక్‌ని శుభ్రం చేసి సంప్‌లో నాచు పెంచే గదిని వదిలేస్తే, అక్కడ లైటు కింద హాయిగా పెరిగి పంపు ద్వారా మళ్లీ పైకొస్తాయి. నేను రెండోసారి మోసపోయింది ఇక్కడే.

తినేవాటిని తెచ్చుకోవడం

సిక్స్‌లైన్ రాస్, మెలనూరస్ రాస్, పసుప్పచ్చ కోరిస్ రాస్. ఈ మూడూ రాళ్ల మీద పురుగూ పుట్రా ఏరుకు తినే చేపలు. ఎర్ర ప్లానేరియాని అన్ని రాస్‌లూ తింటాయని హామీ లేదు. ఒక చేప చిలకకొట్టుడు కొట్టి ట్యాంక్ ఊడ్చేస్తే, అదే జాతిలో ఇంకోటి మొహం తిప్పుకుని పోతుంది. రాస్ తెచ్చుకుంటే తగ్గిన సంఖ్య మళ్లీ పెరగకుండా కాపలా ఉంటుందని ఆశించండి, అప్పటికే పరుచుకున్న చాపని తినేస్తుందని కాదు. సిక్స్‌లైన్ చిన్నదే కానీ మహా పొగరుబోతు. పిరికి చేపలున్న ట్యాంక్‌లో వేస్తే పురుగు గొడవ పోయి చేపల గొడవ మొదలవుతుంది. మెలనూరస్, కోరిస్ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి, వాటికి రెండంగుళాల ఇసుక ఉండాలి. పైన మూత లేకపోతే తెల్లారేసరికి నేల మీద ఉంటాయి.

బ్లూ వెల్వెట్ స్లగ్ అని ఒకటుంది, నల్లటి మఖమల్ మీద నీలం గీతలు గీసినట్టు. ఇది నిజంగానే ఫ్లాట్‌వర్మ్‌లని తింటుంది, వాటిని తప్ప ఇంకేమీ తినదు. పురుగులు అయిపోయిన రోజు నుంచి దానికి పస్తులే. ఆ జీవిని ఆకలితో చంపడానికి కొనాలా అన్నది మీ ఇష్టం. నేనైతే కొనను. పురుగులున్న ఇంకో ఇంటికి వెంటనే చేర్చగలిగితే సరే. దగ్గర్లో ఎవరైనా రీఫ్ పెంచేవాళ్లుంటే, మన ఊళ్లో రుబ్బురోలు పంచుకున్నట్టు ఒక స్లగ్‌ని ఇళ్లు తిప్పుకోవచ్చు. పంపుల మూతులకి స్పాంజి కట్టడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే అందులోకి లాక్కుపోయి ముక్కలవుతుంది.

మందు వేసే రోజు

గుర్తు పెట్టిన చదరంలో లెక్క ఒకటి రెండుకి దిగి అక్కడే నెలరోజులుగా ఆగిపోయిందంటే, లేదా రాతి కన్నాల్లోంచి మళ్లీ మళ్లీ వస్తున్నాయంటే, ఇప్పుడు మందు. ఎర్ర ప్లానేరియాకి ఎక్కువమంది వాడేది సాలిఫర్ట్ కంపెనీ ఫ్లాట్‌వర్మ్ ఎగ్జిట్. మోతాదు సీసా మీద ఉన్నదే పాటించండి, నేను చెప్పినదీ, ఇంకొకరు చెప్పినదీ కాదు.

ముందురోజు ఒక గ్లాసు ట్యాంక్ నీళ్లలో పది పురుగులు వేసి, ఒక చుక్క మందులో కొద్ది భాగం మాత్రం కలిపి చూడండి. అరగంటలో ముడుచుకుని కదలకుండా పడితే మందు మంచిదే, పురుగూ మీరనుకున్నదే. ఏమీ కాకపోతే ట్యాంక్‌లో పొయ్యకండి. మందు పాతబడిందో, పురుగు వేరేదో, రెండిట్లో ఒకటి.

తర్వాత నీళ్ల లెక్క. పెట్టె మీద రాసిన లీటర్లు నమ్మొద్దు. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, నీళ్లు 55 ఎత్తు వరకు ఉన్నాయనుకోండి. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 396 లీటర్లు. అందులో రాళ్లకీ ఇసుకకీ పది నుంచి పదిహేను శాతం తీసెయ్యండి, 345 దగ్గర తేలుతుంది. సంప్‌లో నడుస్తున్నప్పుడు ఉండే నీళ్లు, ఒక 80 అనుకుంటే, కలపండి. 425. మందు దీనికి లెక్కగట్టాలి. మోతాదు తక్కువైతే బలమైన పురుగులు మిగిలిపోతాయి, పని సగంలో ఆగుతుంది.

మందు వేసే ముందే ఇవన్నీ అందుబాటులో ఉండాలి: మొత్తం నీళ్లలో కనీసం పాతిక ముప్ఫై శాతం కొత్త ఉప్పునీళ్లు, ట్యాంక్ వేడికి, ఉప్పు సాంద్రతకి సరిపెట్టి కలిపినవి. మామూలుగా వాడేదానికి రెండింతలు యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలోని విషాన్ని పీల్చే బొగ్గు), కడిగి సంచిలో వేసి పక్కన పెట్టినది. ఒక గాలి పంపు, గాలి రాయి. సన్న గొట్టం, బకెట్లు. ఇంట్లో ఇంకో మనిషి. ఇది ఒక్కరు చేసే పని కాదు. సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టండి. నాలా శనివారం సాయంత్రం మొదలుపెడితే, ఏదైనా తేడా వస్తే కార్బన్ కొందామన్నా షాపు మూసేసి ఉంటుంది.

ఆ ఉదయం మళ్లీ ఒకసారి గొట్టంతో సైఫన్ చేసి కనిపించినవన్నీ లాగెయ్యండి. పాత కార్బన్ తీసెయ్యండి, యూవీ దీపం ఆపండి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) కప్పు తీసి గాలి మాత్రం ఆడనివ్వండి. గాలి పంపు వెయ్యండి. మందుని ఒక జగ్గు ట్యాంక్ నీళ్లలో కలిపి, ఒరవడి బాగా ఉన్నచోట ఐదు పది నిమిషాలు పట్టేలా నెమ్మదిగా పొయ్యండి.

పది పదిహేను నిమిషాల్లో పురుగులు పట్టు వదిలి తేలడం మొదలవుతుంది. ఇప్పుడు ఒకరు గొట్టంతో వాటిని లాగుతూ ఉండాలి, ఇంకొకరు చేపల్ని చూస్తూ ఉండాలి. చూడాల్సింది మొప్పల వేగం. చేప పక్కకి వాలినా, పైకొచ్చి గాలి మింగినా, నీళ్లు పసుపు లేదా టీ రంగుకి తిరిగినా గడియారం చూడకండి. వెంటనే కార్బన్ పెట్టి, నీళ్లు మార్చడం మొదలుపెట్టండి. అన్నీ సవ్యంగా ఉంటే ముప్పావుగంట నుంచి గంట తర్వాత అదే పని చెయ్యండి. కార్బన్ మర్నాడు తీసి కొత్తది వెయ్యండి. ఆ రాత్రి చేపలకి మేత వద్దు.

వారం తర్వాత తెల్ల గిన్నె పరీక్ష మళ్లీ చెయ్యండి. ఒక్కటి కనిపించినా రెండో విడత మందు వెయ్యాలి. ఈసారి పురుగులు తక్కువ కాబట్టి భయం తక్కువ, కానీ కార్బన్, కొత్త నీళ్లు మొదటిసారంత సిద్ధంగానే ఉండాలి.

అక్రోపోరా తినే పురుగు

దీని దారే వేరు. 2011లో శాస్త్రజ్ఞులు దీనికి అమాకుసాప్లానా అక్రోపోరే అని పేరుపెట్టారు, తర్వాత ప్రోస్థియోస్టోమమ్ అక్రోపోరేగా మార్చారు. విచిత్రం ఏమిటంటే ఇది ముందు జనం పెంచుకునే ట్యాంకుల్లో బయటపడింది. సముద్రంలో, ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో దొరికిందని రాసింది ఆ తర్వాత 2012లో. ఇది నేరుగా పగడం మాంసం తింటుంది. తిన్న రంగే దాని ఒంటికీ వస్తుంది కాబట్టి ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు.

కాబట్టి పురుగుని వెతకొద్దు, అది చేసిన నష్టాన్ని వెతకండి. అక్రోపోరా కొమ్మ రంగు వెలిసి, పాలిప్స్, అంటే పువ్వుల్లా విచ్చుకునే చిన్న నోళ్లు, బయటికి రాకుండా, ఒంటి మీద చిన్నచిన్న గుండ్రటి లేత మచ్చలు కనిపిస్తే అవి కొరికిన గుర్తులు. కింద మొదట్లో, మాంసం లేని తెల్ల అస్థిపంజరం మీద గోధుమ రంగు చుక్కలు గుంపుగా అతికి ఉంటే అవి గుడ్లు. బాస్టర్‌తో కొమ్మని గట్టిగా ఊదితే పారదర్శకమైన కోలాటి రేకు ఊడి నీళ్లలో తిరుగుతుంది. అనుమానం తీరినట్టే.

ట్యాంక్ మొత్తానికి మందు వేసి దీన్ని వదిలించుకోవడం చాలా కష్టం. పగడాలు ఒక్కొక్కటే బయటికి తీసి డిప్ ఇవ్వాలి, అంటే మందు నీళ్లలో ముంచాలి. మూడు తెల్ల టబ్బులు పెట్టుకోండి, మూడింట్లో ట్యాంక్ నీళ్లే. మొదటిదాంట్లో కోరల్ డిప్ మందు లేబుల్ మీద రాసినంత, మిగతా రెండూ కడగడానికి. మొదటిదాంట్లో చెప్పినంతసేపు ఉంచి, ఆ సేపంతా బాస్టర్‌తో అన్ని పక్కల నుంచీ ఊదుతూనే ఉండండి. అడుగున రేకులు పడటం కనిపిస్తుంది. తర్వాత రెండో టబ్బు, మూడో టబ్బు, అప్పుడు క్వారంటైన్, అంటే విడిగా పెట్టిన చిన్న ట్యాంక్. డిప్ నీళ్లు ఒక్క చుక్క కూడా మెయిన్ ట్యాంక్‌లో పడకూడదు. తోటకి కొట్టే పురుగుమందుతో డిప్ ఇచ్చేవాళ్లు ఉన్నారు. పిల్లలున్న ఇంట్లో, అన్నం తినే బల్ల పక్కన ఆ పని చెయ్యమని నేను చెప్పను. దాని మిగులు ట్యాంక్‌లోకి చేరితే రొయ్యలు, పీతలు బతకవు.

డిప్ పురుగుని చంపుతుంది, గుడ్డుని చంపదు. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. గుడ్లున్న మొదలుని కత్తిరించి పారేసి, శుభ్రమైన కొమ్మనే కొత్త ప్లగ్ (పగడం అతికించే చిన్న దిమ్మ) మీద అతికించండి. కత్తిరించలేకపోతే పాత టూత్‌బ్రష్‌తోనో చాకు మొనతోనో చివరి చుక్క దాకా గీకండి. కంటికి కనపడని గుడ్లు కొన్ని ఎలాగూ ఉంటాయి. నీటి వేడిని బట్టి రెండు మూడు వారాల్లో అవి పొదుగుతాయి. అందుకని వారానికొకసారి చొప్పున ఆరు వారాలు డిప్ ఇవ్వాలి. పొదిగిన పిల్ల పెద్దదై గుడ్లు పెట్టేలోగా దాన్ని పట్టుకోవడమే ఈ లెక్క. ఆ కాలమంతా మెయిన్ ట్యాంక్‌లో ఒక్క అక్రోపోరా ముక్క కూడా మిగలకూడదు. ఇది వేరే పగడం తిని బతకలేదు కాబట్టి, రెండు నెలలు ఖాళీగా ఉంచితే లోపల మిగిలినవి ఆకలికి పోతాయి. రాతికి కలిసిపోయి ఊడి రాని పెద్ద కాలనీలుంటే ఈ లెక్క కుదరదు. అప్పుడు రోజూ బాస్టర్‌తో ఊదడం, ఊడినవాటిని తినడానికి రాస్‌లు పెట్టుకోవడం, అంతే మిగులుతుంది. పరిశోధకులు పరీక్షించి చూసినప్పుడు సిక్స్‌లైన్ రాస్ పురుగుల్ని ఏరుకుని తింది, పెప్పర్‌మింట్ రొయ్య గుడ్లని తింది. రెండూ కలిసి ఉంటే బలం. పూర్తిగా తుడిచిపెడతాయని మాత్రం అనుకోవద్దు.

కొత్త ముక్క ఇంటికొచ్చిన రోజు

మా నాన్నకి భీమవరం పక్కన రొయ్యల చెరువులుండేవి. తొంభైల మధ్యలో తెల్లమచ్చ రోగం ఆ ప్రాంతాన్ని ఊడ్చేశాక, సీడ్ (రొయ్య పిల్లలు) తెస్తే పీసీఆర్ రిపోర్టు చూడకుండా చెరువులో వదిలేవాళ్లు కాదు. తర్వాత వనామీ రొయ్యల రోజుల్లో గట్టు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షులు వాలకుండా దారాలు. ఎకరాల చెరువుకి అంత కాపలా చూసి పెరిగిన నేను, నాలుగడుగుల ట్యాంక్‌లో షాపు ముక్కని సంచీలోంచి తీసి నేరుగా వేసేశాను. ఫోన్లో ఈ సంగతి చెబితే నాన్న అన్న మాట ఒకటే: "సీడ్ టెస్ట్ చేయించలేదా?"

ఇప్పుడు నా పద్ధతి ఇది. నలభై లీటర్ల చిన్న ట్యాంక్, ఒక హీటర్, చిన్న పంపు, మామూలు లైటు. అడుగున ఇసుక వెయ్యను, రాళ్లూ పెట్టను. కొత్త ముక్క వచ్చీ రాగానే డిప్. దాని ప్లగ్ లేదా రాయి వీలైతే తీసి పారేసి కొత్తదాని మీద అతికిస్తాను. పురుగులూ గుడ్లూ ఎక్కువగా ఉండేది ఆ ప్లగ్ అడుగునే. షాపు నీళ్లు ఒక్క బొట్టు కూడా లోపలికి పోనివ్వను. వారానికొకసారి డిప్, మామూలు పగడాలకి నాలుగు వారాలు, అక్రోపోరాకి ఆరు. క్వారంటైన్‌కి వాడే బాస్టర్, గొట్టం, వల వేరు. వాటి పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది, మెయిన్ ట్యాంక్ వాటికి నీలం. ముందు మెయిన్ ట్యాంక్ పని ముగించుకుని, ఆ తర్వాతే క్వారంటైన్‌లో చెయ్యి పెడతాను. వరస తిరగబడితే చేతులు మోచేతుల దాకా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకుంటాను.

చివరి వారం, ముక్కని మెయిన్ ట్యాంక్‌లోకి మార్చే ముందురోజు రాత్రి, లైట్లు ఆరిన రెండు గంటలకి టార్చి పట్టుకుని క్వారంటైన్ గాజు నాలుగు పక్కలా, ప్లగ్ అడుగూ చూస్తాను. తెల్ల గిన్నెలో మూడుసార్లు పీల్చి వదులుతాను. మూడుసార్లూ గిన్నె ఖాళీగా ఉంటేనే మర్నాడు పొద్దున మార్చేది. ఒక్క రేకు కదిలినా మళ్లీ మొదటి వారం నుంచే లెక్క.